సరిహద్దు ఊరు, పాత పగ: ఐదు స్పఘెట్టీ వెస్టర్న్‌లలో ముందు ఏది చూడాలి?

ఎవడో ఒకడు సరిహద్దు ఊళ్ళోకి దిగుతాడు. ఊరి మీద పెత్తనం ఒక ముఠాదో, రెండు ముఠాలదో. వచ్చినవాడికి ఎవరితోనో పాత లెక్క తేలాల్సి ఉంటుంది. 1960లలో ఇటలీవాళ్ళు స్పెయిన్ ఎడారుల్లోనూ రోమ్ స్టూడియోల్లోనూ వరసపెట్టి తీసిన కౌబాయ్ సినిమాల్లో, అంటే ఈ స్పఘెట్టీ వెస్టర్న్‌లలో, చాలావాటి కథ ఇంతే. అంతేగా, ఏదైతేనేం అని చేతికందింది పెట్టుకుంటే అరగంటలో ఆపేసి పడుకుంటారు. వీటిలో తేడా కథలో లేదు, ఆ పాత లెక్క ఏమిటో ప్రేక్షకుడికి ఎప్పుడు చెప్పారన్నదాంట్లో ఉంది. ఒకదాంట్లో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తారు. ఒకదాంట్లో సగం సినిమా అయ్యాక నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. ఇంకోదాంట్లో చివరి తూటా పేలేదాకా నోరు విప్పరు. మీకు ఏ రకం నచ్చుతుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇక్కడ పోల్చేవి ఐదు: ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్ (1964), ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్ (1965), ది రిటర్న్ ఆఫ్ రింగో (1965), జాంగో (1966), డెత్ రైడ్స్ ఎ హార్స్ (1967). ముగింపులు చెప్పడం లేదు, నిశ్చింతగా చదవండి.

తొందరలో ఉన్నవాళ్ళకి

ఒక్కటే చూస్తాం అంటే ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్. గంటన్నర మించి టైం లేదంటే జాంగో. రక్తం తక్కువ ఉండాలి, హీరో మీద జాలి పుట్టాలి అంటే రిటర్న్ ఆఫ్ రింగో. మన సినిమాల్లో చిన్నప్పుడు ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని పెద్దయ్యాక ఒక్కొక్కణ్ణీ వెతికి పట్టుకునే వరస ఇష్టమైతే డెత్ రైడ్స్ ఎ హార్స్. ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్ ఈ జాబితాలో అందరికీ తెలిసిన పేరు, కానీ పగ కోసమే చూసేవాళ్ళకు మొదటి ఎంపిక అది కాదు. ఎందుకో చూద్దాం.

ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్: పగ ఆలస్యంగా మొదలవుతుంది

సాన్ మిగెల్ అనే మెక్సికన్ సరిహద్దు ఊరు. ఒక కొసన బాక్స్టర్ల ఇల్లు, ఇంకో కొసన రోహో సోదరుల ఇల్లు. మధ్యలో సారాయి అంగడి, పక్కనే శవపేటికలు చేసేవాడి కొట్టు. ఊళ్ళో నాలుగు డబ్బులు కళ్ళజూసేది వాడొక్కడే అనిపిస్తుంది. క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని ఇద్దరి మధ్యా చిచ్చు పెడతాడు. సినిమాలో ఎక్కువ భాగం ఇదే, అంటే నడిపించేది పగ కాదు, డబ్బు. వాణ్ణి పట్టుకుని చావబాదాక గానీ అసలు పగ పుట్టదు. పుట్టిన తర్వాత వచ్చే చివరి పావుగంట మాత్రం ఈ తరహా సినిమాలన్నింటికీ ఒరవడి దిద్దింది.

గమనించాల్సిన ముక్క ఒకటుంది. రామోన్ రోహో ఎప్పుడూ గుండెకే గురిపెడతాడు. ఆ అలవాటును మొదట్లో గొప్పగా చూపిస్తారు, చివర్లో అదే వాడి మెడకు చుట్టుకుంటుంది. ఇది ముందే తెలిస్తే చివరి ఘట్టం చప్పబడదు, ఇంకా బిగుస్తుంది.

జపాన్ దర్శకుడు కురొసావా తీసిన యొజింబొ చూసినవాళ్ళకు ఇందులో కథాపరంగా కొత్తేమీ దొరకదు. ఆ కథను అనుమతి లేకుండా తీసుకున్నారని యొజింబొ నిర్మాణ సంస్థ తోహో అడ్డం తిరిగితే, ప్రపంచ వసూళ్ళలో 15 శాతం, జపాన్ చుట్టుపక్కల దేశాల పంపిణీ హక్కులు ఇచ్చి దర్శకుడు సెర్జియో లియోనీ పక్షం రాజీపడింది. 1964లో ఇటలీలో విడుదలైన సినిమా అమెరికాకు 1967లో గానీ చేరలేదు.

ప్రింటు విషయంలో ఒక జాగ్రత్త. సినిమా జైలు సన్నివేశంతో మొదలైందంటే మీరు చూస్తున్నది అమెరికా టీవీ కోసం తర్వాత అతికించిన ముక్క. హీరోని ఒక అధికారి జైల్లోంచి వదిలి ఊరు బాగుచేయమని పంపినట్టు కల్పించారు. అందులో ఉన్నది ఈస్ట్‌వుడ్ కాదు, వెనకనుంచి చూపించిన డూపు. దాన్ని దాటేయండి. ఊరూపేరూ లేనివాడు ఎందుకొచ్చాడో తెలియకపోవడంలోనే సినిమా బలమంతా ఉంది.

ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్: జేబు గడియారం లెక్క

ఎల్ పాసో బ్యాంకును దోచుకోబోయే ఎల్ ఇండియో ముఠా వెనక ఇద్దరు వేటగాళ్ళు పడతారు. ఒకడు ఈస్ట్‌వుడ్, తలల మీద ప్రకటించిన డబ్బు కోసం. రెండోవాడు లీ వాన్ క్లీఫ్, పాత సైన్యపు కల్నల్ మోర్టిమర్. జీను దగ్గర చుట్టి పెట్టుకున్న తుపాకులన్నీ విప్పి, దూరాన్నిబట్టి ఒకటి ఎంచుకుని తీరిగ్గా కాలుస్తాడు. పైకి ఇద్దరిదీ ఒకే వ్యాపారం. కానీ ఒకడికి డబ్బు అసలు లెక్కే కాదని మెల్లగా అనుమానం మొదలవుతుంది.

ఇండియో దగ్గర పాట పాడే జేబు గడియారం ఉంది. మూత లోపలివైపు ఒక స్త్రీ ఫొటో. ఎవణ్ణయినా చంపేముందు మూత తెరుస్తాడు, పాట ఆగగానే తుపాకీ తీయాలి. మొదటిసారి ఇది పాడుబడ్డ చర్చిలో జరుగుతుంది. సంగీత దర్శకుడు మోరికోనె కట్టిన బాణీ గడియారపు సన్నటి గంటల మీదినుంచి ఒక్కసారిగా ఆర్గన్ మోతగా లేస్తుంది. ఆ తర్వాత గడియారం తెరిచినప్పుడల్లా ఇండియో కళ్ళు వెనక్కి పోతాయి, పాత రాత్రి ఒకటి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ప్రతిసారీ ఇంకాస్త. పూర్తి బొమ్మ చివరికి గానీ కూడదు. స్ప్రింగు వదులయ్యేకొద్దీ పాట నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదించడమే ఇక్కడ భయం. అందుకే దీన్ని ఫోన్ స్పీకర్‌లో చూడకూడదు, సన్నటి గంటల శబ్దం మింగేసుకుపోతుంది. మామూలు హెడ్‌ఫోన్ ఉన్నా చాలు.

నిడివి 132 నిమిషాలు. మధ్యలో, ఇద్దరు వేటగాళ్ళు ఒకరి టోపీ ఒకరు కాల్చుకునే చోటా బ్యాంకు దోపిడీ పథకం దగ్గరా నడక మందగిస్తుంది. ఓపిక పట్టండి. చివరి ద్వంద్వ యుద్ధం గుండ్రటి కళ్ళం లాంటి జాగాలో జరుగుతుంది. అది స్పెయిన్‌లోని అల్మెరియా జిల్లాలో లోస్ అల్బరికోకెస్ అనే నిజమైన పల్లె. ఎల్ పాసో కోసం కార్లో సిమి తబెర్నస్ ఎడారిలో కట్టించిన సెట్టు కూడా ఇంకా ఉంది. ఇప్పుడు టికెట్టు పెట్టి చూపించే సందర్శన స్థలమైంది.

ఎ ఫిస్ట్‌ఫుల్ చూడకుండా ఇది చూడొచ్చా? చూడొచ్చు. లియోనీ ఈస్ట్‌వుడ్‌తో తీసిన మూడు డాలర్ల సినిమాలూ (మూడోది ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ) ఒకే కథ కాదు. పోంచో, చుట్ట ఒకటే అయినంత మాత్రాన కథ కొనసాగినట్టు కాదు. ఇందులో జాన్ మరియా వొలొంతె ఇండియోగా వేశాడు, మొదటి సినిమాలో రామోన్ కూడా అతనే. రెండూ వెంటవెంటనే చూస్తే వాడే మళ్ళీ వచ్చాడేమిటా అని తికమకపడతారు. మధ్యలో ఒక వారం ఎడం ఉంచండి.

జాంగో: బురద, శవపేటిక, బోలెడు తికమక

సెర్జియో కొర్బూచి సినిమా. ఎండ లేదు, ఎడారి లేదు, మోకాలిలోతు బురద. అందులో ఫ్రాంకో నీరో శవపేటికను తాడుకట్టి ఈడ్చుకుంటూ నడిచొస్తాడు. గుర్రం కూడా లేదు. ఊళ్ళో మిగిలింది ఒక సారాయి కొట్టు, నలుగురు వేశ్యలు. ఒకవైపు మేజర్ జాక్సన్ ఎర్ర ముసుగుల ముఠా, ఇంకోవైపు సరిహద్దు దాటొచ్చిన మెక్సికన్ విప్లవకారులు. పేటికలో ఏముందన్నది బయటపడే క్షణం కోసమే చాలామంది ఈ సినిమా చూస్తారు, నిరాశపడరు.

పగ కథగా చూస్తే మాత్రం ఇది గట్టిది కాదు. జాక్సన్ మీద జాంగోకి ఉన్న పగ ఏమిటో నాలుగు మాటల్లో తేల్చేస్తారు. తొలిసారి తలపడ్డప్పుడే చంపే అవకాశం ఉన్నా, పోయి నీ మనుషులందర్నీ తీసుకురా అని వదిలేస్తాడు. తర్వాత కథ బంగారం దొంగతనం వైపు మళ్ళిపోతుంది, పగ కాసేపు పక్కకి జరుగుతుంది. రాత లోపం అని కొందరంటారు. మా లెక్కలో అదే ఈ సినిమా చేదు: పగ తీర్చుకోవడానికొచ్చినవాడు ఆశకు లొంగి, దానికి ఒంటితో మూల్యం చెల్లిస్తాడు. సాగినంతసేపూ ఊపిరాడనివ్వదు కాబట్టి తికమక పెద్దగా అడ్డురాదు.

హింస ఘాటు ఎక్కువ. చెవి కోసే సన్నివేశం ఒకటుంది, ఆడమనిషిని కొరడాతో కొట్టడం మొదట్లోనే వస్తుంది. బ్రిటన్‌లో 1993 దాకా దీనికి సెన్సార్ సర్టిఫికెట్ దొరకలేదు. పిల్లలతో కూర్చునే సినిమా కాదు.

ఎక్కువమంది బోల్తా పడేది పేరు దగ్గర. ఇది ఆడేసరికి జాంగో పేరు పెట్టుకుని డజన్లకొద్దీ సినిమాలు వచ్చాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. జర్మనీలోనైతే ఫ్రాంకో నీరో వేరే వెస్టర్న్‌లకు కూడా జాంగో పేరు తగిలించారు. కాబట్టి వెతికేటప్పుడు సంవత్సరం 1966, దర్శకుడు కొర్బూచి, ఈ రెండూ సరిచూసుకోండి. 2012లో వచ్చిన జాంగో అన్‌చెయిన్డ్ దీని రీమేక్ కాదు. లూయిస్ బకలోవ్ కట్టిన పాత పాటను వాడుకుంది, నీరో ఒక్క సన్నివేశంలో కనిపిస్తాడు, అంతవరకే.

ది రిటర్న్ ఆఫ్ రింగో: ఇంటికొచ్చినవాడి పగ

దుచ్చో తెస్సారి తీసిన ఈ సినిమా గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. అన్యాయం. అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన కెప్టెన్ మాంట్‌గోమరీ బ్రౌన్‌కి ఊరంతా ఫ్యుయెంతెస్ సోదరుల చేతిలో ఉందని తెలుస్తుంది. తండ్రిని చంపారు, భార్య వాళ్ళ ఇంట్లో ఉంది. జుట్టు రంగు మార్చి, కూలివాడి వేషంలో తన ఊళ్ళోకే దొంగలా వస్తాడు. హోమర్ ఒడిస్సీలో యులిసెస్ బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరుకున్న ఘట్టమే ఇది, టోపీ పెట్టుకుంది.

పగ ఎవరి మీదో, ఎందుకో మనకు మొదట్లోనే తెలుసు. తెలియనిది ఎప్పుడన్నదే. మొదటి గంట హీరో అవమానాలు దిగమింగుతూనే ఉంటాడు, తుపాకీ మోత చాలా తక్కువ. పోట్లాటల కోసం చూసేవాళ్ళు ఇక్కడే విసుగెత్తి ఆపేస్తారు. ఆపకండి, ఆ బిగువంతా చివరి అరగంటకు దాచి ఉంచారు. జూలియానో జెమ్మా దూకుళ్ళు చూడముచ్చటగా ఉంటాయి. నిడివి గంటా ముప్పావు లోపే.

అదే ఏడాది అదే దర్శకుడు, అదే హీరో, దాదాపు అదే బృందంతో ఎ పిస్టల్ ఫర్ రింగో వచ్చింది. పేరు చూసి అది మొదటి భాగం అనుకోకండి. పాత్ర వేరు, కథ వేరు, అది హుషారుగా సాగే సినిమా. ముందు అది చూసి ఇది పెడితే హీరో ఇంత దిగాలుగా ఉన్నాడేమిటని అనిపిస్తుంది.

డెత్ రైడ్స్ ఎ హార్స్: ఆనవాళ్ళు పట్టి వేట

జూలియో పెట్రోని సినిమా. వర్షపు రాత్రి ఒక ఇంటి మీద ముఠా పడి అందర్నీ చంపుతుంది, ఒక పిల్లవాడు మిగులుతాడు. వాడి కంట్లో మిగిలిపోయినవి మొహాలు కాదు, ఆనవాళ్ళు: ఛాతీ మీద నాలుగు ఆసుల పచ్చబొట్టు, చెవిపోగు, మచ్చ, కపాలం లాకెట్. చేతికి దొరికింది ఒక గుర్రపు ముల్లు, అంటే రౌతు బూటు మడమకు ఉండే స్పర్. పదిహేనేళ్ళ తర్వాత బిల్‌గా జాన్ ఫిలిప్ లా వేటకు బయల్దేరతాడు. అదే ముఠా మోసంతో జైలుకెళ్ళి అప్పుడే విడుదలైన రయన్‌గా లీ వాన్ క్లీఫ్ కూడా వాళ్ళకోసమే వస్తాడు. ఇద్దరూ ఒకే మనుషుల్ని వెతుకుతున్నారు, ఎవరు ముందు చేరతారన్నదే పోటీ.

ఆనవాలు కనిపించినప్పుడల్లా తెర ఎర్రబారి పాత రాత్రి కళ్ళముందుకొస్తుంది. కిల్ బిల్ చూసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు, మోరికోనె సంగీతాన్ని కూడా అందులో వాడుకున్నారు. కుర్రవాడి పాత్రలో నటన కొంచెం కొయ్యబారినట్టు ఉంటుంది, కానీ వాన్ క్లీఫ్ ఆ లోటు పూడుస్తాడు. మొదటి పది నిమిషాల్లో ఆడవాళ్ళ మీద అత్యాచారం ఉంది, చూడలేనివాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. ఫర్ ఎ ఫ్యూ డాలర్స్‌లోని పాత రాత్రి ముక్కల్లో కూడా అలాంటి ఘట్టం ఉంది.

ఐదింటిలో ప్రింట్లు అన్నింటికంటే పాడైపోయింది ఇదే. చవక డీవీడీల్లో, ఉచిత వీడియో సైట్లలో దొరికేవాటిలో చాలావరకు రంగు వెలిసినవి, రెండు పక్కలా కోసేసినవి. ఇటాలియన్ పేరు దా ఉవోమో ఆ ఉవోమో. ఆ పేరుతో కూడా వెతికితే మంచి ప్రతి దొరికే అవకాశం పెరుగుతుంది.

ప్రింటు, భాష, టీవీ: చూసేముందు సరిచూడాల్సినవి

నిడివి తక్కువ కనబడగానే కత్తిరించారనుకోవద్దు. యూరప్ డీవీడీలు సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపిస్తాయి, కాబట్టి అసలు నిడివిని 0.96తో గుణించండి. 132 నిమిషాలది 127 దగ్గరికి వస్తుంది. అంతకంటే తగ్గితేనే అనుమానించాలి.

లియోనీ రెండు సినిమాలూ టెక్నిస్కోప్‌లో తీసినవి. మామూలుగా ఒక్కో ఫ్రేముకు ఫిల్ములో నాలుగు రంధ్రాల ఎత్తు పడితే ఇక్కడ రెండే. ఖర్చు సగం, బొమ్మ వెడల్పు 2.35కి 1. ఫ్రేము చిన్నది కాబట్టి చుక్కలు చుక్కలుగా గ్రెయిన్ కనిపించడం సహజం. అది చెడ్డ ప్రింటనుకుని టీవీలో నాయిస్ రిడక్షన్ పెడితే మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. ఆపేయండి. కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. పైనా కిందా నల్ల పట్టీలు పోవాలని జూమ్ చేస్తే బొమ్మ వెడల్పులో దాదాపు నాలుగో వంతు పోతుంది. గుండ్రటి కళ్ళంలో అంచున నిలబడ్డవాడు తెరలోంచే మాయమవుతాడు. జాంగో మాత్రం 1.66 నిష్పత్తిది, దానికి నల్ల పట్టీలు పక్కలకు సన్నగా వస్తాయి. అలా ఉంటేనే సరైనది.

పెదాలకు, మాటకు కుదరకపోవడం ఈ సినిమాల స్వభావం. సెట్టులో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేవాళ్ళు, అన్ని భాషల్లోనూ తర్వాతే డబ్బింగ్ చెప్పించారు. మరి ఫైల్లోనే తేడా ఉందేమో ఎలా తెలుసుకోవాలి? పెదాలు చూడకండి, తుపాకీ చూడండి. నిప్పు కనబడ్డ క్షణానికే మోత వినబడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆలస్యమైతే ఫైలు లోపం. విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ వాడితే జె, కె మీటలు నొక్కిన ప్రతిసారీ శబ్దాన్ని 50 మిల్లీ సెకన్లు ముందుకో వెనక్కో జరుపుతాయి.

భాష ఎంపికలో మా సలహా: ఈస్ట్‌వుడ్, వాన్ క్లీఫ్ ఉన్న మూడింటికీ ఇంగ్లీషు. వాళ్ళ గొంతులు వాళ్ళవే. ఇటాలియన్‌లో ఈస్ట్‌వుడ్‌కి ఎన్రికో మరియా సలేర్నో డబ్బింగ్ చెప్పాడు, బాగుంటుంది గానీ ఆ పొడిమాటల ఎండిన గొంతు పోతుంది. జాంగోకి, రింగోకి ఇటాలియన్ మంచిది. అయితే సబ్‌టైటిల్స్‌తో ఒక చిక్కు ఉంది. కొన్ని డిస్కుల్లో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఇటాలియన్ మాటలకు అనువాదం కావు, ఇంగ్లీషు డబ్బింగ్‌ను యథాతథంగా దించినవి. ఒక నిమిషంపాటు ఇంగ్లీషు ఆడియోతో సబ్‌టైటిల్స్ కలిపి చూడండి. అక్షరం పొల్లుపోకుండా సరిపోతే అవి అనువాదం కానట్టే. అప్పుడు ఇంగ్లీషులోనే చూసేయడం నయం.

పాత మోనో ట్రాక్ (ఒకే ఛానల్ శబ్దం) ఉంటే దాన్నే ఎంచుకోండి. 5.1కి, అంటే చుట్టూ స్పీకర్లకు సరిపడేలా, మార్చేటప్పుడు కొన్నిచోట్ల తుపాకీ మోతలు కొత్తవి అతికిస్తారు, ఆ పాత టింగుమనే శబ్దం పోతుంది.

తెలుగు కౌబాయ్‌లు చూసినవాళ్ళకు ఒక దారి

కృష్ణ హీరోగా ఆరుద్ర రాసిన, కె.ఎస్.ఆర్. దాస్ తీసిన మోసగాళ్లకు మోసగాడు (1971) ఈ లియోనీ సినిమాల గాలి సోకినదే. రాజస్థాన్ ఇసుకలో తీశారు. అందులో నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న మీకు నచ్చితే, మాటకారితనం, మోసం కలిసిన ఎ ఫిస్ట్‌ఫుల్‌తో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. దానికంటే కృష్ణ నిలబడే తీరు, టోపీ అంచు కింది చూపు నచ్చినవాళ్ళు నేరుగా ఫర్ ఎ ఫ్యూ డాలర్స్‌కి వెళ్ళండి.

వన్స్ అపాన్ ఎ టైం ఇన్ ది వెస్ట్ (1968) ఈ జాబితాలో ఎందుకు లేదని అడగొచ్చు. పగ కథల్లో అది అన్నింటికంటే పెద్దది, షోలేలో ఠాకూర్ కుటుంబాన్ని చంపే ఘట్టానికి మూలం అందులో ఉంది. కానీ సరిహద్దు ఊరు కాదు, రైలు మార్గం వేస్తున్న నేల. పైగా రెండూముప్పావు గంటల నెమ్మది నడక. పై ఐదింటిలో కనీసం రెండు చూశాక పెట్టుకోండి.

వరసగా చూసే ఓపిక ఉంటే జాంగో, డెత్ రైడ్స్ ఎ హార్స్, రింగో, ఫిస్ట్‌ఫుల్, ఫ్యూ డాలర్స్. చివరిదాన్ని తప్పకుండా రెండుసార్లు చూడండి. రెండోసారి మాత్రం మాటలు వదిలేసి, గడియారం ఎవరి చేతిలో ఉంది, మూత తెరిచినప్పుడు కల్నల్ మొహం ఎలా ఉంది అన్నంతవరకే చూడండి.